నీళ్ళ అడుగున నూనెను పసిగట్టే కన్ను

పిల్లలూ! వాన వెలిసిన సాయంకాలం మీరెప్పుడైనా బస్టాండులో నిలుచున్నారా? మొన్న ఆషాఢమాసంలో నేను జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు కోసం కాచుకుని ఉన్నాను. బస్సులు ఆగేచోట ఒక గుంటలో వాననీరు నిలిచింది. ఆ నీటిమీద ఊదా, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు మెలికలు తిరుగుతున్నాయి. నా పక్కనున్న కుర్రవాడొకడు పుల్ల తీసుకుని ఆ రంగులను కెలుకుతున్నాడు. ఆరో తరగతో ఏడో తరగతో చదివే వయసు. ముప్ఫై ఐదేళ్ళు సుద్దముక్క పట్టినవాడి వాలకం దాగదు కాబోలు, వాడు నావైపు తిరిగి, "సార్, ఇదేంది?" అని అడిగాడు.

"బస్సులోంచి కారిన డీజిలు నీళ్ళమీద పొరలాగా పరుచుకున్నది. ఆ పొర పైభాగాన్నుంచి కొంత వెలుతురు, అడుగుభాగాన్నుంచి కొంత వెలుతురు వెనక్కి వస్తాయి. రెండూ కలిసేటప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పొర ఎంత మందమో దాన్నిబట్టి రంగు. ఆ మందం నీ తలవెంట్రుక మందంలో నూరోవంతు ఉంటే గొప్ప," అన్నాను.

వాడు కాసేపు ఆలోచించాడు. "మీద ఉంటె రంగులు కనవడ్తయి. మరి నీళ్ళ లోపట ఉంటె ఎట్ల ఎర్కైతది సార్?" అన్నాడు.

ఇంతలో వాడి బస్సు వచ్చింది. జవాబు నా దగ్గిరే మిగిలిపోయింది. దాన్నే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. నిజానికి ఇది నాకు నలభై ఏళ్ళనాటి బాకీ.

1986లో నేను కోరుట్లకు కొద్ది దూరంలో ఒక చిన్న పల్లెలో కొత్తగా పంతులుగా చేరాను. బడికి సొంత బావి లేదు. రోడ్డు దాటితే ఊరి చేదబావి ఉన్నది, పిల్లలందరూ ఆ నీళ్ళే తాగేవారు. ఆ బావికి ఇరవై గజాల అవతల ఒక వ్యవసాయపు బావి, దానిమీద ఆయిలింజను, పక్కన ఇంజను కొట్టంలో డీజిలు డ్రమ్ము. ఆ ఏడు వానలు ముదిరినాక ఒకనాడు నాలుగో తరగతి అమ్మాయి ఒకతె గ్లాసు చేతబట్టుకుని వచ్చి, "సార్, నీళ్ళు గ్యాసునూనె వాసనొస్తున్నయి," అన్నది. మా వైపు కిరసనాయిలును గ్యాసునూనె అంటారు.

నేను వాసన చూశాను. ఉన్నట్టే అనిపించింది. మళ్ళీ చూశాను, అంతగా లేదు. మూడోసారి అసలే లేదు. ఊరి పెద్దలను పిలిస్తే వాళ్ళలో సగం మంది ఉన్నదన్నారు, సగం మంది లేదన్నారు. నేను చదువుకున్నవాణ్ణి గదా, తీర్పు చెప్పాలి! "ఏమీ లేదు, తాగండి," అన్నాను.

మన ముక్కుకు ఒక గుణం ఉన్నదని అప్పుడు నేను తలచుకోలేదు. ఒకే వాసనను మళ్ళీ మళ్ళీ పీలిస్తే ముక్కు దానికి అలవాటుపడి మొద్దుబారుతుంది. మూడోసారి వాసన రాకపోవడానికి కారణం నీళ్ళు శుభ్రంగా ఉండటం కాదు. పదిహేను రోజుల తరవాత ఒక తెల్లవారుఝామున బావిలోకి తొంగిచూసినవారికి నీళ్ళమీద రంగుల పొర కనిపించింది. డ్రమ్ము అడుగున తుప్పు తిని చిల్లి పడింది. డీజిలు వాననీటితోపాటు నేలలోకి ఇంకి, చేదబావికి చేరింది. ఆ పదిహేను రోజుల్లో కొందరు పిల్లలకు కడుపునొప్పి, వాంతులు. నీళ్ళవల్లనే అని రుజువు చేయలేం, కాదనీ చెప్పలేం.

అప్పుడైనా తెలివిగా ప్రవర్తించానా అంటే, అదీ లేదు. ఇంట్లో ఉన్న ఒక పాత మందుసీసా కడిగి, సగానికి నీళ్ళు పట్టి, పరీక్ష చేయమని పట్నానికి పంపించాను. ఆ నీళ్ళు పరీక్షకు పనికిరావని తిప్పి పంపారు. వాళ్ళన్నది న్యాయమే. సీసాకు అంతకుముందే మందు అంటి ఉన్నది. పైగా సగం ఖాళీగా ఉన్న సీసాలో డీజిలు ఆవిరి నీళ్ళలోంచి లేచి పైన చేరుతుంది, మూత తీయగానే ఎగిరిపోతుంది. నీటిని యంత్రం దగ్గరికి తీసుకుపోయేలోపల నీరే మారిపోతుంది. అందుకని యంత్రాన్నే నీటి దగ్గరికి, నీటి లోపలికి తీసుకుపోవాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, మిగతా కథంతా దీనిలోంచే వస్తుంది.

డీజిలు, పెట్రోలు, కిరసనాయిలు, వంటగ్యాసు, కొవ్వొత్తి మైనం, రోడ్డుకు పోసే తారు - ఇవన్నీ ఒక కుటుంబానికి చెందినవి. కర్బనం, ఉదజని అనే రెండు మూలద్రవ్యాలు చేతులు కలిపితే ఈ కుటుంబం పుడుతుంది. శాస్త్రజ్ఞులు వీటిని హైడ్రోకార్బన్లు అంటారు. వీటిలో అన్నిటికన్నా చిన్నది మీథేన్, ఒక కర్బన పరమాణువుకు నాలుగు ఉదజని పరమాణువులు. పేడగ్యాసు పొయ్యిలో మండేది ఇదే. కొన్నిటిలో కర్బన పరమాణువులు గొలుసులాగా ఉంటాయి. మరికొన్నిటిలో ఆరేసి పరమాణువులు, బతుకమ్మ చుట్టూ చేతులు పట్టుకు తిరిగే ఆడపిల్లల్లాగా వలయం కడతాయి. ఈ వలయాలను మరిచిపోకండి, మళ్ళీ వీటితో పని ఉన్నది.

"మా ఊళ్ళో సముద్రం లేదు, చమురు బావులు లేవు. మాకెందుకు?" అంటారేమో. సిరిసిల్లలో వాన కురిస్తే ఆ నీరు ఎక్కడికి పోతుంది? మానేరులోకి. మానేరు పోయి పోయి మంథని అవతల గోదావరిలో కలుస్తుంది. జగిత్యాల జిల్లా ధర్మపురిలో మీరు పుష్కరాలకు మునిగిన గోదావరి, 1465 కిలోమీటర్ల ప్రయాణం ముగించి బంగాళాఖాతంలో పడుతుంది. పోతూపోతూ మట్టిని, ఆకును, అలమును మోసుకుపోతుంది. కృష్ణా గోదావరుల ముఖద్వారాల ముందు ఇలా కోట్ల ఏళ్ళపాటు పొరమీద పొర పూడిక పడింది. ఆ పొరల్లో పూడిపోయిన జీవపదార్థమే వేడికీ ఒత్తిడికీ, సూక్ష్మజీవుల పనికీ లోబడి చమురుగా, గ్యాసుగా మారింది.

తూర్పుగోదావరి తీరానికి ఎదురుగా రవ్వ అనేచోట 1987లో చమురు కనుక్కున్నారు, 1993లో తోడటం మొదలుపెట్టారు. 2002లో కాకినాడకు ఎదురుగా లోతైన సముద్రం అడుగున పెద్ద గ్యాసు నిల్వ బయటపడింది. 2009 ఏప్రిల్ నుంచి ఆ గ్యాసు గొట్టాల్లో గాడిమొగకు రాసాగింది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ సంస్థ ఆ తీరానికే ఎదురుగా లోతు సముద్రంలోని మరొకచోట మొదటిసారిగా చమురు తీసింది. ఈ లోతుల్లో మనిషి దిగి పని చేయలేడు. బావి తల, మరలు, గొట్టాల కీళ్ళు, అన్నీ చీకట్లో సముద్రం అడుగున ఉంటాయి. వాటిలో ఒక కీలు వదులైతే ఎవరు చూడాలి?

నేలమీద అయితే దాచినా దాగదు. 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి దగ్గిర గ్యాసు బావి అదుపుతప్పి అంటుకుని, 65 రోజులు మండింది. రాత్రులు చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆ మంటలో పట్టపగల్లాగా కనిపించాయి. దాన్ని కనిపెట్టడానికి యంత్రం అక్కరలేకపోయింది. నీళ్ళకింద మాత్రం అలా కాదు.

2010 ఏప్రిల్ 20న అమెరికాకు దక్షిణాన మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే తవ్వకపు ఓడ పేలిపోయింది. పదకొండుమంది చనిపోయారు. సముద్రం అడుగున, 1500 మీటర్ల లోతున, బావినోరు తెరుచుకుని 87 రోజులపాటు చమురు, గ్యాసు వెళ్ళగక్కింది. నూనె నీటికన్న తేలిక, అంతా పైకి తేలుతుందని మనం అనుకుంటాం. కాని అంత ఒత్తిడితో చిమ్మిన చమురు సన్నని తుంపరగా చితికిపోయింది. దాన్ని ఇంకా చితకగొట్టడానికి బావినోటి దగ్గిరే మందులు కూడా పోశారు. దుమ్ము గాలిలో నిలిచినట్టు, ఆ నలుసులూ కరిగిన గ్యాసూ కొంతభాగం పైకి రాక లోతులోనే నిలిచిపోయాయి. నీటి లోపల అలాంటి మేఘం ఉన్నదా లేదా అని పెద్ద పెద్దవాళ్ళే వాదులాడుకున్నారు. మా పల్లె బావి దగ్గిర జరిగినట్టే అన్నమాట!

ఆ జూన్ నెలలో ఉడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థవారు సెంట్రీ అనే మనిషిలేని జలాంతర్గామిని దింపారు. నీటిలోని అణువులను తూచి చెప్పే యంత్రం ఒకటి దానిలో ఉన్నది. అది ముందుకూ వెనక్కూ తిరిగి, సుమారు 1100 మీటర్ల లోతున 35 కిలోమీటర్లకు పైగా పొడవున్న హైడ్రోకార్బన్ల మేఘాన్ని పటం గీసి తెచ్చింది. ఆ మేఘంలోంచి పట్టి తెచ్చిన నీళ్ళు గాజుసీసాలో చూస్తే మామూలు నీళ్ళలాగానే తేటగా ఉన్నాయి. కన్ను పట్టలేనిది యంత్రం పట్టింది.

ఆ యంత్రం చాలా ఖరీదైనది. సామాన్యంగా వాడే నీటిలోపలి నూనె పరికరం ఇంకొక కిటుకుమీద పనిచేస్తుంది. ఆ కిటుకును సిరిసిల్లలోనే, ఒక బట్టల దుకాణంలో, మీకు చూపించగలను.

నా పాత శిష్యుడొకడు అక్కడ దుకాణం నడుపుతున్నాడు. గల్లాపెట్టె పక్కన దొంగనోట్లను పట్టుకునే నీలిదీపం ఉన్నది. దానిలోంచి మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు వస్తాయి. ఒక రాత్రి దుకాణం కట్టేసిన తరవాత, దీపాలార్పి, మేమిద్దరం దానికింద ఒక్కొక్క వస్తువే పెట్టి చూశాం. మంచినీళ్ళ గ్లాసు చీకటిగానే ఉన్నది. ఇంజను ఆయిలు వేసిన గ్లాసు మబ్బు వెలుతురులాగా నీలంగా మెరిసింది! కొబ్బరినూనెలో చిటికెడు పసుపు కలిపి పెడితే పచ్చని కాంతి. ఆకుకూరను స్పిరిటులో నలిపి వడగట్టిన ఆకుపచ్చ రసం, నమ్ముతారో నమ్మరో, ఎర్రగా కనిపించింది. మీరూ చేసి చూడండి. దీపంలోకి మాత్రం సూటిగా చూడకండి, స్పిరిటు పని పెద్దల చేత చేయించండి.

దీన్ని ప్రతిదీప్తి అంటారు. 1852లో స్టోక్స్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి ఇంగ్లీషులో పేరు పెట్టి, ఇందులో లోపలికి పోయే వెలుగుకన్న బయటికి వచ్చే వెలుగు బలహీనమని కనిపెట్టాడు. వడ్ల మార్కెట్టులో తరుగు తీస్తారే, అలాంటిదే. అణువు అతినీలలోహిత కిరణాన్ని మింగుతుంది, కొంత శక్తిని వేడిరూపంలో తరుగు కింద పోగొట్టుకుంటుంది, మిగిలినదాన్ని తక్కువ శక్తిగల మరో రంగు వెలుగుగా తిరిగి ఇస్తుంది. చమురులో ఈ పని చేసేది ఎవరనుకున్నారు? ఇందాక చెప్పిన వలయాలే. రెండు మూడు వలయాలు అతుక్కుని ఉన్న అణువులు ముఖ్యంగా చక్కగా మెరుస్తాయి.

ఇక పరికరం సంగతి. మోచేతి పొడవు లోహపు గొట్టం, కొసన దళసరి గాజు కిటికీ. లోపలినుంచి ఒక చిన్న దీపం అతినీలలోహిత కిరణాలను నీటిలోకి పంపుతుంది. ఇంకొక మూల ఒక కృత్రిమనేత్రం కాచుకుని ఉంటుంది. దాని ముందు ఒక రంగుటద్దం, నూనె తిరిగి ఇచ్చే రంగును తప్ప వేరే వెలుగును లోపలికి రానివ్వదు. ఆ వెలుగు ఎంత ఎక్కువైతే నూనె అంత ఎక్కువ. తీగ ద్వారా ఆ లెక్క పడవలోని మనిషికి చేరుతుంది. ఇంతే యంత్రం!

ఇది ఎంత సన్నని సంగతిని పట్టాలో చూడండి. 5000 లీటర్ల నీళ్ళ ట్యాంకర్లు పదింటిని వరసగా నిలబెట్టి, ఆ నీళ్ళన్నిటిలో ఒకే ఒక్క చుక్క డీజిలు కలిపారనుకోండి. అది నూరు కోట్లలో ఒక వంతు. శాస్త్రజ్ఞులు సముద్రంలో వెతికే మోతాదు ఒక్కొక్కప్పుడు ఇంత తక్కువ. పెట్రోలులో ఉండే బెంజీన్ అనే ఒంటి వలయం, తాగే నీటిలో నూరు కోట్లలో పది వంతులు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ముక్కుకు దాని వాసన తెలిసేసరికి ఆ హద్దు వందల రెట్లు దాటి ఉంటుంది. 1986లో నేను నమ్ముకున్నది అలాంటి ముక్కును!

అయితే ఇంత మంచి యంత్రం ఉండగా ఇంకా బాధ దేనికి? అక్కడికే వస్తున్నాను.

మా శిష్యుడి దుకాణంలో ఇంకొక తమాషా జరిగింది. పరీక్ష చేస్తున్నంతసేపూ నా చొక్కా ఇంజను ఆయిలుకన్న ఎక్కువగా మెరుస్తూ ఉన్నది! బట్టల సబ్బుపొడిలో తెలుపు కోసం కలిపే పదార్థం కూడా ప్రతిదీప్తి గలదే. మురుగునీరు సముద్రంలో కలిసేచోట పరికరాన్ని దింపితే అది సబ్బును చూసి "నూనె, నూనె!" అని కేక పెట్టవచ్చు. కాకినాడ దగ్గిర కోరంగి మడ అడవుల్లో ఆకులు నాని, నీరు తేనీరులాగా ఉంటుంది. ఆ ఆకుల రసమూ మెరుస్తుంది. వరదనాటి గోదావరి బురదలో వెలుతురే ముందుకు పోదు. ఇక మీథేన్‌కు వలయమే లేదు గనక అసలు మెరవదు, ఈ కన్ను దానికి గుడ్డిది. మీథేన్‌కోసం వేరే పరికరం చేశారు. దానిలో సన్నని రబ్బరువంటి పొర ఉంటుంది. నీటిని ఆపి, గ్యాసును మాత్రం మెల్లగా లోపలికి జారనిస్తుంది. లోపల పరారుణ కిరణాలతో దాన్ని కొలుస్తారు. ఆ జారటానికి నిమిషాలు పడుతుంది. ఈలోగా పడవ ముందుకు పోయి, గ్యాసు ఉన్న చోటు వెనకపడిపోతుంది.

అన్నిటికన్న పెద్ద శత్రువు నాచు. మీ ఇంటి నీళ్ళతొట్టి నాలుగు రోజులు కడగకపోతే గోడలకు జిగురుపట్టదా? సముద్రంలో అది ఇంకా తొందరగా పడుతుంది. ముందు జిగురు, తరవాత నాచు, ఆపైన నత్తగుల్లలవంటి జీవాలు వచ్చి గాజు కిటికీమీద కాపురం పెడతాయి. నాచు పైగా తానే మెరుస్తుంది, ఎర్రగా, మనం ఆకురసంలో చూసినట్టు. దీనికి విరుగుడుగా కిటికీని తుడిచే చిన్న బ్రష్షు పెడతారు, కిటికీ చుట్టూ రాగిరేకు తొడుగుతారు. రాగి సన్నసన్న జీవాలకు గిట్టదు. రాగిబిందెలో నీళ్ళు పోయమనే అవ్వలకు ఈ సంగతి ముందునుంచీ తెలుసు.

ఇప్పుడు వాడేవాళ్ళ కోరికలు వినండి. తీరరక్షణ దళంవారు, "చమురు ఒలికిందా లేదా, క్షణంలో చెప్పాలి. లెక్క కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు," అంటారు. వాళ్ళకు తొందర ఉండదా మరి! 2017 జనవరి 28న చెన్నై దగ్గిర ఎన్నూరులో రెండు ఓడలు ఢీకొని నల్లని ఇంధనతైలం ఒలికితే, రోజుల తరబడి మనుషులు బకెట్లతో ఎత్తిపోశారు. చమురు బావి ఇంజనీరు మాట వేరు: "ఏడాదిపాటు ఎవరూ ముట్టుకోకుండా అడుగున పడి ఉండాలి. ఉత్తుత్తి కేకలు పెట్టకూడదు. ఒక్క అబద్ధపు కేకకు బావి మూసివేస్తే కోట్లు పోతాయి." చేపలమీద పరిశోధన చేసే ఆయనకు తొందర లేదు, తప్పు లెక్క మాత్రం పనికిరాదు. ఓడలవారికి మరొక అవసరం. ఓడ అడుగున చేరే మురికినీటిని సముద్రంలోకి వదలాలంటే నూనె పది లక్షల్లో 15 వంతులు మించరాదని అంతర్జాతీయ నియమం ఉన్నది. ఆ హద్దు దగ్గిర సరిగ్గా చెబితే వాళ్ళకు చాలు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం, ఒలికిన చమురు ఎటు కొట్టుకుపోతుందో గాలినీ ప్రవాహాలనూ బట్టి లెక్కగట్టి చెబుతుంది. అలా లెక్కగట్టేవాళ్ళకు ఎక్కడ, ఎంత లోతున, ఎంత ఉన్నదో ముందుగా ఒకరు చెప్పాలి. ఇక భైరవపాలెం జాలరి? ఆయన్ని ఎవరైనా అడిగారో లేదో గాని, అడిగితే, "నా పడవకు కట్టుకునేంత తేలికగా, నేను కొనుక్కోగలిగేంత చవకగా చెయ్యండి," అంటాడని నాకు తోస్తుంది.

తయారుచేసేవాడు ఇవన్నీ విని తల పట్టుకుంటాడు. సిరిసిల్లలో సాంచాలు నడిపే ఆసామిని అడగండి, అతని బాధ అర్థమవుతుంది. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఒక్కొక్కరు వచ్చి, "నాకు ఎర్రది పది గజాలు," "నాకు వెడల్పుది ఐదు గజాలు," అంటే ఆసామి భీములు మార్చుకుంటూ కూర్చోవాలి, కూలి గిట్టదు. 2017 నుంచి కొన్నేళ్ళపాటు ప్రభుత్వం బతుకమ్మ చీరలకు ఒక్కుమ్మడిగా ఆర్డరు ఇచ్చినప్పుడు సాంచాలన్నీ ఎలా ఆడాయో సిరిసిల్ల పిల్లలకు తెలుసు. కొలత ఇదీ, రంగు ఇదీ, ఇన్ని కావాలి అని ముందే తెలిస్తే నేసేవాడికి ధైర్యం. నూనె పరికరం చేసేవాడూ అదే అడుగుతున్నాడు: ఏ నూనె? ఎంత లోతు? ఎన్ని కొంటారు? పది మీటర్లు దిగినకొద్దీ ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతుంది. 1500 మీటర్ల లోతున నూటయాభై రెట్లు. ఆ లోతుకు తగిన గొట్టం వేరు, చెరువుకు తగిన గొట్టం వేరు. ఖరీదూ వేరే.

ఇంకొక చిక్కు తూనికరాళ్ళది. కూరగాయల అంగడిలో రాళ్ళకు ప్రభుత్వం ముద్ర వేస్తుంది, అందువల్ల జగిత్యాల కిలో, కోరుట్ల కిలో ఒకటే. నూనె పరికరాలకు అలాంటి ముద్ర కుదరటం కష్టం. ఒక్కొక్క బావి చమురులో వలయాలు ఒక్కొక్క పాలు. ఒకటి బాగా మెరుస్తుంది, మరొకటి మందంగా మెరుస్తుంది. ఎండకు, అలలకు నాలుగు రోజులు నానితే అదే చమురు మెరుపు మార్చుకుంటుంది. రెండు కంపెనీల పరికరాలను ఒకే నీటిలో ముంచితే రెండు లెక్కలు చెబుతాయి, రెండూ అబద్ధం చెప్పటంలేదు! అందుకని కొందరు మలేరియా మందు క్వినైన్‌ను కొలతకు వాడతారు. దాని మెరుపు నిలకడైనది. కాని అది మెరుపుకు కొలతే గాని చమురుకు కొలత కాదు. మన తీరపు చమురును, మన గోదావరి నీటిలో, మన ఎండలో కలిపి పరీక్షించినప్పుడే మన లెక్క మనకు కుదురుతుంది. అది కంపెనీ ఒక్కటే చేయగల పని కాదని నా అభిప్రాయం.

పరీక్ష చేయాలంటే చమురును సముద్రంలో పోయకూడదు గదా! అమెరికాలో న్యూజెర్సీ అనేచోట ఓమ్‌సెట్ అని 203 మీటర్ల పొడవైన ఉప్పునీటి తొట్టి కట్టుకున్నారు. దానిలో అలలు పుట్టించి, నిజమైన చమురు పోసి, పరికరాల మంచిచెడ్డలు చూస్తారు. ఆ దేశంలోనే అలయన్స్ ఫర్ కోస్టల్ టెక్నాలజీస్ అనే సంస్థ ఒకటి ఉన్నది. అది పరికరాలు వాడేవాళ్ళనూ చేసేవాళ్ళనూ ఒక గదిలో ఎదురెదురుగా కూర్చోబెడుతుంది, ఏ కంపెనీకీ కొమ్ముకాయకుండా పరికరాలను పరీక్షించి ఫలితాలు అందరికీ చెబుతుంది. మనకు చెన్నైలో 1993లో వెలిసిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఉన్నది. లోతు సముద్రపు యంత్రాలు చేయటంలో అక్కడివారికి మంచి అనుభవం ఉన్నది. మీలో ఎవరైనా ఇంజనీరై ఆ గదిలో కూర్చునే రోజున, జాలరికి కూడా ఒక కుర్చీ వేయించండి.

మా పల్లె బావి ఏమైందని అడుగుతారు. ఆ ఎండాకాలం వరకూ దాన్ని మూసివేశారు. పిల్లలు కిలోమీటరు దూరం పోయి నీళ్ళు మోసుకొచ్చేవారు. ఎప్పుడు తెరవవచ్చో చెప్పగలిగే సాధనం ఎవరి దగ్గిరా లేదు. చివరకు రెండు వానాకాలాలు పోయాక, విసుగెత్తి, ఊరివాళ్ళే తెరుచుకున్నారు.

జగిత్యాలలో ఆ కుర్రవాడు ప్రశ్న అడిగిన రోజున నేను బస్సు దిగి కోరుట్లలో ఒక టిఫిన్ సెంటరుకు వెళ్ళాను. దాన్ని నడిపే ఆవిడ నన్ను చూడగానే చేతులు తుడుచుకుని వచ్చి దండం పెట్టింది. ఆనాడు గ్లాసు పట్టుకు వచ్చిన నాలుగో తరగతి అమ్మాయే. ఇప్పుడు ఆమెకు యాభై ఏళ్ళు దగ్గిర పడుతున్నాయి. మాటల్లో బావి సంగతి వచ్చింది. "అమ్మా, ఆ రోజున నేను నీ మాట వినక తాగమన్నాను. తప్పు చేశాను," అన్నాను.

ఆమె నవ్వి, "మీరు తాగమన్నరు గని నేను తాగలే సార్. మీరు అటు తిరగంగనే గ్లాసు పారబోసిన," అన్నది.